పలక కింది నంబరు

ఒక కారు కోసం అమెరికాలో దాదాపు 50 ఏళ్లు వెతికారు. ఎర్ర రంగు, నల్లటి వినైల్ టాప్, బానెట్ కింద ఫోర్డ్ వారి పెద్ద వి8 ఇంజను. 1967లో కారల్ షెల్బీ కంపెనీ ప్రయోగాల కోసం తయారుచేసుకున్న మస్టాంగ్ జీటీ500 కూపే అది. అందరూ దాన్ని ‘లిటిల్ రెడ్’ అనేవారు. సూపర్‌చార్జర్లు బిగించి దాని దమ్ము ఎంతో చూశారు. మరుసటి ఏడాది ఫోర్డ్ అమ్మిన ‘కాలిఫోర్నియా స్పెషల్’ మస్టాంగ్‌కు ప్రేరణ ఈ కారే. ఆ తర్వాత మాయమైంది. పని అయిపోయిన ప్రయోగపు కార్లను తుక్కు చేసేయడం కంపెనీల అలవాటు కనుక, ఇదీ అలాగే నలిగిపోయి ఉంటుందని చాలామంది సరిపెట్టుకున్నారు.

2018 మార్చిలో అది ఉత్తర టెక్సస్‌లో దొరికింది. ఆరుబయట, గడ్డి మధ్య, తుప్పు తింటూ ఉంది. ఎవరూ దాచలేదు. ఏళ్ల తరబడి అక్కడే ఉంది.

మరి ఇన్నాళ్లూ ఎందుకు దొరకలేదు? నాకు ఈ కథలో కారుకన్నా ఈ ప్రశ్నే ముఖ్యం. ఎన్నోసార్లు దీన్ని తలచుకున్నాను, తలచుకున్న ప్రతిసారీ నా పనిలో ఏదో ఒకటి సరిచేసుకున్నాను.

జవాబు చాలా చిన్నది. అందరూ తప్పు నంబరుతో వెతికారు.

ఆ రోజుల్లో షెల్బీ కారు రెండు చోట్ల తయారయ్యేది. ముందు కాలిఫోర్నియాలోని శాన్ హోసే ఫ్యాక్టరీలో ఫోర్డ్ వాళ్లు మస్టాంగ్ కట్టి, రేకు మీద తమ నంబరు పంచ్ చేసేవారు. అక్కడి నుంచి అది లాస్ ఏంజెలెస్ విమానాశ్రయం పక్కనున్న షెల్బీ షెడ్డుకు వచ్చేది. షెల్బీ వాళ్లు దానికి తమ హంగులన్నీ చేర్చి, తమ సొంత నంబరున్న చిన్న పలకను రివెట్లతో బిగించేవారు. ఎక్కడ? సరిగ్గా ఫోర్డ్ నంబరు మీద. కింది నంబరు కనపడకుండా.

షెల్బీ అంటే పేరు, షెల్బీ అంటే డబ్బు. అభిమానులంతా షెల్బీ నంబరు పట్టుకుని వెతికారు. పాత కార్ల వేలం సంస్థ బ్యారెట్-జాక్సన్ అధిపతి క్రెయిగ్ జాక్సన్ దగ్గర అప్పటికే లిటిల్ రెడ్‌కు తోబుట్టువు లాంటి 1968 ప్రయోగపు కారు ‘గ్రీన్ హార్నెట్’ ఉంది. ఈ వెతుకులాటలో ఆయనతో కలిసి పనిచేసిన జేసన్ బిలప్స్ అనే పాత కార్ల నిపుణుడు దారి మార్చాడు. పలక మీది నంబరు వదిలేసి, దాని కింద ఉండాల్సిన ఫోర్డ్ నంబరును సంపాదించాడు. ఆ నంబరు కొలరాడో రాష్ట్రంలోని మొదటి రిజిస్ట్రేషన్‌కు, అక్కడి నుంచి చివరి యజమాని దగ్గరికి తీసుకెళ్లింది. అర్ధ శతాబ్దం తెరుచుకోని తలుపు, తాళంచెవి మార్చగానే తెరుచుకుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మీరు కొన్నేళ్లుగా చేస్తున్న ప్రయత్నం ఏదైనా ఫలించడం లేదా? ఉద్యోగం కావచ్చు, పరీక్ష కావచ్చు, ఇంట్లో ఎవరితోనో తెగని పేచీ కావచ్చు. ‘ఇంకా గట్టిగా ప్రయత్నించు’ అని చుట్టూ ఉన్నవాళ్లు చెబుతూనే ఉంటారు. లిటిల్ రెడ్ కోసం వెతికినవాళ్లలో శ్రమకు లోటున్నవారు లేరు. వాళ్లకు లోపించింది ఒకే ఒక్క అనుమానం: ‘నేను పట్టుకున్న ఈ నంబరుతో ఇది అసలు దొరుకుతుందా?’

నా అనుభవం ఒకటి చెబుతాను. మా తాతగారు కొన్న రెండెకరాల కాగితం కోసం మా నాన్న, నేను రెండు వేసవులు తిరిగాం. ఇప్పటి సర్వే నంబరు రాసిచ్చి ఈసీ అడిగితే ప్రతిసారీ ఒకటే జవాబు, లావాదేవీ ఏదీ లేదని. కాగితమే లేదేమో, తాతగారి మాటే మిగిలిందేమో అని నాన్న దిగులు పడ్డారు. చివరికి ఊళ్లో ఒక పెద్దాయన అన్నాడు, ‘అప్పటికి ఆ చేను ముక్కలు కాలేదయ్యా, బై నంబరు వేసింది తర్వాత కదా’ అని. పాత నంబరుతో దరఖాస్తు పెట్టాం. దస్తావేజు వచ్చింది. ఆ రోజు నాన్న ముఖం నాకు ఇప్పటికీ గుర్తు. ఆ రెండు వేసవుల్లో మేం ఒక్కరోజు కూడా బద్ధకించలేదు. కానీ ఆ పెద్దాయన్ని అడగాలని మొదటి రోజే ఎందుకు తట్టలేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కనుక మొదటి పని ఇది. ఒక కాగితం తీసుకోండి. మీరు వెతుకుతున్నదాన్ని ఏ పేరుతో, ఏ నంబరుతో, ఎవరి దగ్గర వెతుకుతున్నారో రాయండి. దాని పక్కనే, అదే వస్తువుకు ఇంకే పేర్లు ఉండవచ్చో రాయండి. ‘సాఫ్ట్‌వేర్ ఉద్యోగం’ అని రాసినవారు దాని కింద తాము నిజంగా చేయగల పని ఏమిటో రాయండి. లెక్కలు సరిచూడటమా, నలుగురికీ అర్థమయ్యేలా చెప్పడమా, తప్పు ఎక్కడుందో పట్టుకోవడమా? హోదా పైన బిగించిన పలక. పని దాని కింద పంచ్ చేసిన నంబరు.

దొరికాక అసలు పరీక్ష

వెతకడం కష్టమే. దొరికినదాన్ని అనుమానించడం అంతకన్నా కష్టం. మనం చాలామందిమి పడిపోయేది ఇక్కడే.

పాత కార్ల లోకంలో మోసం పెద్ద వ్యాపారం. మామూలు మస్టాంగ్‌కు హంగులు చేర్చి షెల్బీగా అమ్ముతారు. పాడైపోయిన అసలు కారు నంబరు పలకను పీకి, వేరే బాడీకి తగిలిస్తారు. ఇలా నంబరు మార్చడం అమెరికాలో నేరం. అయినా ఆగదు, ఎందుకంటే కొనేవాడి కళ్లలో ఆశ ఉంటుంది. ఆశ ఉన్నచోట అమ్మేవాడు పెద్దగా అబద్ధం ఆడాల్సిన పని కూడా ఉండదు. సగం చెప్పి వదిలేస్తే మిగతా సగం కొనేవాడే అల్లుకుంటాడు.

నిజమైన నిపుణులు ఎలా చూస్తారో తెలుసుకుంటే ముచ్చటేస్తుంది. 1968లో వచ్చిన ‘బుల్లిట్’ సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన మస్టాంగ్ నంబరు 8 ఆర్ 02 ఎస్ 125559. చదవడం వస్తే అది ఒక జాతకం. 8 అంటే 1968 మోడల్. ఆర్ అంటే శాన్ హోసే ఫ్యాక్టరీ. 02 అంటే వెనుక వాలుగా దిగే ఫాస్ట్‌బ్యాక్ బాడీ. ఎస్ అంటే 390 ఘనపుటంగుళాల ఇంజను. మిగిలిన అంకెలు వరస సంఖ్య. అదే సినిమాకు వాడిన రెండో కారు నంబరు 125558, అంటే ఒకదాని వెనుక ఒకటి పుట్టినవి. ఆ రెండోది 2017లో మెక్సికోలో బయటపడింది. తెల్ల రంగు పూసి ఉంది, ఇంకో సినిమా కారుకు నకలుగా మార్చే పని కూడా మొదలుపెట్టేశారు. నంబరు సరిపోయిందని అక్కడితో ఊరుకోలేదు. ఫోర్డ్ ఉత్పత్తి రికార్డులను అధికారికంగా వాడుకునే హక్కున్న కెవిన్ మార్టీ స్వయంగా వెళ్లి చూశాడు. 1967 నుంచి ఫోర్డ్ తయారుచేసిన కార్లు ఎప్పుడు ఆర్డరయ్యాయో, ఎప్పుడు తయారయ్యాయో, ఏ డీలరుకు వెళ్లాయో ఆయన దగ్గర దొరుకుతుంది. కాగితం, ఇనుము రెండూ ఒకే మాట చెప్పాకే అది ఆ కారని తేల్చారు.

ఇనుము ఎలా మాట్లాడుతుందంటే, ఫోర్డ్ పోతపోసిన భాగాల మీద తేదీ ఉంటుంది. 7ఏ15 అని ఉంటే 1967 జనవరి 15న పోసిన పోత. ఇప్పుడు ఊహించండి. కారు 1966 డిసెంబరులో తయారైందని కాగితం చెబుతోంది, ఇంజను మీద 7ఏ15 ఉంది. ఇంకా పోత పోయని ఇంజనుతో కారు ఫ్యాక్టరీ గేటు దాటిందా? అమ్మేవాడు ఎంత మర్యాదస్తుడైనా సరే, ఆ ఇంజను ఆ కారుతో పుట్టినది కాదు. షెవర్లే ఇంజన్లలో ఇంకో సూక్ష్మం ఉంది. నంబరు కొట్టే చోట ఫ్యాక్టరీ యంత్రం చెక్కిన సన్నని సమాంతర గీతలు ఉంటాయి. పాత నంబరు చెరిపి కొత్తది కొట్టాలంటే ఆ చోటును అరగదీయాలి, అరగదీస్తే గీతలు పోతాయి. అందుకే ఎరిగినవాడు ముందు అంకెల జోలికి పోడు. అంకెల వెనకనున్న ఇనుమును చూస్తాడు.

మీకు ఉద్యోగం ఇస్తామంటూ ఒక లెటరు వచ్చింది అనుకోండి. జీతం అంకె చూసి మురిసిపోకముందు ఆ అంకె వెనకనున్న ఇనుమును చూడండి. కంపెనీ ఎప్పుడు రిజిస్టరైంది? ఇంటర్వ్యూ చేసినవాళ్లు అక్కడ నిజంగా పనిచేస్తున్నారా? లెటరు ఏ మెయిల్ చిరునామా నుంచి వచ్చింది? ఉద్యోగం ఇచ్చేవాడు ముందుగా డబ్బు ఎందుకు అడుగుతున్నాడు? తేదీలను ఒక వరసలో పేర్చి చూడటం అన్నిటికన్నా తేలికైన పరీక్ష. అబద్ధం అల్లేవాడు మాటలను జాగ్రత్తగా చూసుకుంటాడు కానీ తేదీల దగ్గర తరచూ జారిపోతాడు.

తేడా ఉన్నంత మాత్రాన

ప్రయోగపు కార్ల విషయంలో ఒక పెద్ద చిక్కుంది. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి.

మామూలు కారు అసలుదో కాదో చూడాలంటే కేటలాగుతో సరిపోల్చితే చాలు. ప్రోటోటైప్‌కు, అంటే ప్రయోగపు కారుకు, కేటలాగు లేదు. అది ఏ మోడల్‌తోనూ సరిపోలదు. సరిపోలకపోవడమే దాని లక్షణం. అందుకని అమ్మేవాళ్లకు ఒక గొప్ప వాదన దొరుకుతుంది. ‘ఈ రంధ్రం చూశారా? ఏ మస్టాంగ్‌కూ ఇక్కడ రంధ్రం ఉండదు. అంటే ఇది ప్రోటోటైపే.’ వినడానికి ఎంత బాగుందో చూడండి. కానీ ఆ రంధ్రం 1980లలో ఎవరో కుర్రాడు స్పీకరు బిగించుకోవడానికి వేసినది కావచ్చు. యాభై ఏళ్లు బతికిన ప్రతి కారు ఒంటి మీదా వింత మచ్చలు ఉంటాయి. తేడా ఉన్న ప్రతిదీ అరుదైనది అయిపోదు.

తేడా సాక్ష్యం కావాలంటే దానికి తేదీ ఉన్న తోడు కావాలి. ఆ రోజుల్లో తీసిన ఫొటోలో అదే చోట అదే రంధ్రం కనపడాలి. కంపెనీ ఇంజనీరింగ్ కాగితంలో ఆ మార్పు గురించి ఒక వాక్యమైనా ఉండాలి. అక్కడ పనిచేసినవాళ్లు, ఎవరూ నోటికి అందించకుండా, దాని గురించి తామే చెప్పాలి. లిటిల్ రెడ్ విషయంలో జాక్సన్ బృందం ఈ ఓపిక చూపించింది. కారు దొరికిందని 2018 ఆగస్టులో ప్రకటించారు, ఆ వెంటనే జనాన్ని పిలిచారు. ఆ కారు గురించి ఎవరి దగ్గర ఏ ఫొటో ఉన్నా, ఏ జ్ఞాపకం ఉన్నా పంపమన్నారు. గొప్ప వస్తువు చేతికి రాగానే తలుపులు మూసుకునేవాళ్లే ఎక్కువ. వీళ్లు తలుపులు తీశారు. తప్పు చూపించగలవారికి కూడా ఆ తలుపులు తెరిచే ఉన్నాయి. నేను వాళ్లను మనసారా మెచ్చుకునేది ఇందుకే.

జ్ఞాపకాన్ని అడిగే పద్ధతి ఒకటుంది. పాత ఉద్యోగికి కారు ఫొటో చూపించి ‘ఇదేనా సార్?’ అంటే ఆయన మంచితనం కొద్దీ ‘ఇదేలా ఉంది’ అంటారు. దాని వల్ల మీకు ఒరిగేది ఏమీ లేదు. ఫొటో జేబులోనే ఉంచండి. ‘ఆ కారు టాప్ ఏ రంగు? ఇంజను దగ్గర ఏం మార్చారు? దాన్ని ఎవరు నడిపేవారు?’ అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. ఆ తర్వాత ఫొటో తీయండి. ఇంట్లో పిల్లల మధ్య తగాదా తీర్చేటప్పుడూ ఇదే చేయండి. ‘నువ్వే కొట్టావా?’ అంటే మీరు అనుకున్నదే మీకు తిరిగి వస్తుంది. ‘ఏం జరిగింది నాన్నా?’ అంటే జరిగింది వస్తుంది.

ఇంకో ప్రశ్న. ఈ కారు అసలుదని తేలితే ఎవరికి లాభం? ధ్రువీకరణ పత్రం ఇచ్చేవాడికి అమ్మకంలో వాటా ఉంటే ఆ పత్రాన్ని పక్కన పెట్టండి. కారు నకిలీ అని తేలినా అదే ఫీజు తీసుకుని వెళ్లిపోయే మనిషి మాట వినండి. ఇల్లు కొనేటప్పుడు బ్రోకరు చూపించిన లాయరు దగ్గరికి కాకుండా, మీకు మీరుగా వెతుక్కున్న లాయరు దగ్గరికి వెళ్లండి. లింకు డాక్యుమెంట్లు మీ ముందే తిరగేయించండి. ఫీజు ఎక్కువని వెనకాడకండి.

వీటన్నిటికన్నా కష్టమైనది మన మనసును కట్టడి చేయడం. ‘ఇది అసలుదే అయి ఉండాలి’ అని గుండె కొట్టుకోవడం మొదలైందంటే, మన కళ్లు సగం మూసుకున్నట్టే. అందుకే నేను ఒక నియమం పెట్టుకున్నాను. నాకు నచ్చేలా ఉన్న ఏ విషయానికైనా, అది తప్పని తేల్చగల మూడు పరీక్షలు ముందే రాసుకుంటాను. నచ్చాక రాస్తే ఉపయోగం లేదు, మనసు తేలికైన పరీక్షలే ఎంచుకుంటుంది. ‘ఫలానా తేదీ ఇలా ఉంటే నేను లేచి వచ్చేస్తాను’ అని కాగితం మీద పెట్టి, ఆ కాగితం ఇంకొకరి చేతికిస్తాను. మా ఆవిడకే ఇస్తాను. ఆమె మొహమాటపడదు.

కడగకండి

బుల్లిట్ మొదటి కారు సంగతికి మళ్లీ వస్తాను. 1974లో న్యూజెర్సీలో ఒక కుటుంబం దాన్ని ఒక పత్రిక ప్రకటన చూసి సుమారు 6,000 డాలర్లకు కొనుక్కుంది. ఇంటి ఇల్లాలు రోజూ అందులోనే బడికి వెళ్లి పాఠాలు చెప్పేది. 1977లో మెక్వీన్ స్వయంగా ఉత్తరం రాసి తిరిగి ఇమ్మని అడిగాడు. ఇవ్వలేదు. ఆ తర్వాత అది దశాబ్దాల పాటు మూలన పడి ఉంది. చివరికి ఆ ఇంటి కొడుకు 2018 జనవరిలో డెట్రాయిట్ ఆటో షోలో దాన్ని లోకానికి చూపించాడు. 2020 జనవరిలో ఫ్లోరిడాలో జరిగిన వేలంలో కమిషన్ కలిపి 37.4 లక్షల డాలర్లు పలికింది.

ఆ కారుకు కొత్త రంగు వేయలేదు. సొట్టలు తీయించలేదు. సినిమా షూటింగ్‌లో కెమెరా బిగించడానికి కారు అడుగున వెల్డింగ్ చేసిన ముక్కలు అలాగే ఉన్నాయి. మెక్వీన్ ఉత్తరాన్ని కూడా ఇంట్లో భద్రంగా దాచుకున్నారు. ఎవరైనా ప్రేమ కొద్దీ ఆ కారును తళతళలాడేలా బాగుచేయించి ఉంటే, ఆ వెల్డింగ్ ముక్కలను అడ్డమని కోసేసి ఉంటే, దాని పుట్టుక చెప్పే నోరు అక్కడే మూసుకుపోయేది. పాత కార్ల వాళ్లు కొత్తవారికి చెప్పే మొదటి జాగ్రత్త ఇదే. ముందు ఫొటోలు తీయి, కొలతలు రాసుకో, తుప్పును కూడా ఫొటో తీయి. గరుకు కాగితం ఆ తర్వాత పట్టుకో.

మనం ఈ తప్పు మనుషుల విషయంలో ఎక్కువ చేస్తాం. రెజ్యూమేలో రెండేళ్ల ఖాళీ కనపడితే అక్కడ ఏదో ఒక కోర్సు పేరు పూసేస్తాం. ఆ రెండేళ్లూ మీరు మంచాన పడ్డ అమ్మను చూసుకున్నారు. రాత్రిళ్లు మేలుకున్నారు, మందుల లెక్క రాసుకున్నారు, ఆసుపత్రి వాళ్లతో ఓపికగా మాట్లాడారు. ఆ వెల్డింగ్ ముక్కను కోసేయకండి. ఉన్నది ఉన్నట్టు రాయండి. ఎదురుగా కూర్చున్న మనిషికి చూసే కన్నుంటే, మీరు ఏ ఫ్యాక్టరీలో తయారయ్యారో ఆయనకు అక్కడే తెలుస్తుంది. ఆ కన్ను లేని చోట మీకు ఉద్యోగం దొరికినా సుఖం ఉండదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక ఈ ఆదివారం మీరు చేయాల్సిన పని ఒకటుంది. ప్రయోగపు కార్ల చరిత్ర చెరిగిపోవడానికి ఒక పెద్ద కారణం, వాటిని చేతులారా కట్టిన మెకానిక్కులు ఒక్కొక్కరే వెళ్లిపోవడం. ఇంటి చరిత్రా అలాగే చెరిగిపోతుంది. మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఉంటుంది. దాన్ని అమ్మమ్మ ముందో, పెదనాన్న ముందో తెరవండి. అందులోని ఫొటోలు ఒక్కొక్కటే వాళ్ల చేతికివ్వండి. ‘ఇది మన పాత ఇల్లే కదా’ అని మీరు అనకండి. ‘ఇది ఎక్కడ?’ అని అడగండి. చెప్పింది మెత్తని పెన్సిలుతో, ఫొటో వెనుక, ఒత్తకుండా రాయండి. ఎవరు, ఎక్కడ, ఏ ఏడు, చెప్పింది ఎవరు. ఈ చివరిది మరచిపోవద్దు. వాళ్లకు గుర్తురాని చోట ఖాళీగా వదిలేయండి, మీరు నింపకండి. ఇద్దరు పెద్దలు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి. సాయంత్రానికి పది ఫొటోలు పూర్తయితే చాలు. మిగతావి వచ్చే ఆదివారానికి.